డూప్లికేట్ లెన్స్ ఫిల్టర్లు: పెట్టె కన్నా ముందు గాజును చూడండి

కెమెరా సామాన్లలో నకిలీ చేయడానికి ఫిల్టర్ అంత తేలికైన వస్తువు మరొకటి లేదు. లెన్స్‌కి నకిలీ తయారు చేయాలంటే లోపల గాజు కటకాలు, మోటారు, ఎలక్ట్రానిక్స్ అన్నీ కుదరాలి. నకిలీ బ్యాటరీ అయితే కొన్నాళ్ళకే ఛార్జ్ నిలవక బయటపడిపోతుంది. ఫిల్టర్‌కి ఏం కావాలి? ఒక లోహపు రింగు, అందులో గుండ్రంగా కోసిన గాజు, రింగు మీద నాలుగు తెల్ల అక్షరాలు. పైగా కొన్నవాళ్ళు దాన్ని లెన్స్‌కి బిగించాక ఏళ్ళ తరబడి విప్పరు. యూవీ ఫిల్టర్, అంటే కంటికి కనబడని అతినీలలోహిత వెలుగును (యూవీని) ఆపే ఫిల్టర్ సంగతైతే మరీను. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో సెన్సర్ ముందే యూవీని, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే పొర ఒకటి ఉంటుంది. అందుకే మామూలు పగటి వెలుగులో అసలైన యూవీ ఫిల్టర్ పెట్టినా, ఉత్త గాజు బిళ్ళ పెట్టినా ఫోటోలో పెద్దగా తేడా తెలియదు. తెలిసేది ఎదురెండలో, రాత్రి దీపాల ముందు, దూరాన్ని దగ్గరగా చూపే పెద్ద టెలీ లెన్స్ వాడినప్పుడు. అప్పటికి రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

నేను ఎక్కువగా నీళ్ళ ఫోటోలు తీస్తాను. వాగులు, జలపాతాలు, చెరువు మీద పొద్దు. నీళ్ళ మీద మెరుపును తగ్గించే పోలరైజర్, లోపలికి వచ్చే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా నా పని సాగదు. ఆ అలవాటు కొద్దీ తెలిసినవాళ్ళు ఎవరు ఫిల్టర్ కొన్నా ఒకసారి చూసిపెట్టమని నా చేతికి ఇస్తుంటారు. అలా చేతికొచ్చిన వాటిలో డూప్లికేట్ ఒకటి కనిపించినప్పుడల్లా నాకు నిజంగా బాధగా ఉంటుంది. డబ్బు పోయిందని మాత్రమే కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఫోటో మసగ్గా వస్తే ముందు తమ చేతిని అనుమానిస్తారు, ఆ తర్వాత లెన్స్‌ని. ఫిల్టర్ మీదికి అనుమానం చివరికి గానీ పోదు. దాని మీద పెద్ద కంపెనీ పేరుంది కదా మరి.

ఆ పేర్లు ఊరికే వచ్చినవి కావు. బీ ప్లస్ డబ్ల్యూ సంగతే చూడండి. 1947లో బెర్లిన్‌లో బీర్‌మన్, వెబర్ అనే ఇద్దరు మొదలుపెట్టిన ఫిల్టర్ల కంపెనీ అది. 1985లో ష్నైడర్ క్రోయిజ్‌నాక్ అనే జర్మన్ లెన్సుల కంపెనీ చేతికి వెళ్ళింది. జపాన్ పేర్లలో హోయా, కెంకో, మరూమి ఉన్నాయి. అమెరికా నుంచి టిఫెన్ ఉంది. దశాబ్దాల పాటు గాజు మీద, వెలుగును వెనక్కి కొట్టకుండా దానికి వేసే పూత (కోటింగ్) మీద పని చేసి సంపాదించుకున్న నమ్మకం అది. నకిలీ చేసేవాడు గాజును కాపీ కొట్టడు, ఆ నమ్మకాన్ని కాపీ కొడతాడు. అందుకే అతని శ్రద్ధంతా పెట్టె మీద, హోలోగ్రామ్ మీద, ముద్ర మీద ఉంటుంది. మనం ముందు గాజును చూడాలి అనేది ఇందుకే.

సరే, ఆర్డర్ పెట్టే ముందు సంగతులు కొన్ని. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించాలని అందరికీ తెలుసు. నేను దానికన్నా ముందు చూసేది ఇంకొకటి. సైజు మారినా ధర మారుతోందా లేదా? ఫిల్టర్ వ్యాసం పెరిగితే గాజు పెరుగుతుంది, కోటింగ్ వేయాల్సిన మేర పెరుగుతుంది. అసలు కంపెనీల దగ్గర 49 మిల్లీమీటర్ల ఫిల్టర్‌కీ 82 మిల్లీమీటర్ల ఫిల్టర్‌కీ ధరలో బాగా తేడా ఉంటుంది. పేరున్న కంపెనీ ఫిల్టరే 49 నుంచి 82 దాకా అన్ని సైజులూ ఒకే ధరకి పెట్టిన పేజీ కనిపిస్తే నేను అక్కడితో ఆపేస్తాను.

తర్వాత కంపెనీ సొంత వెబ్‌సైట్ తెరిచి, ఆ పేరుతో ఆ మోడల్ అసలు ఉందా, ఆ సైజులో వస్తోందా అని చూస్తాను. నకిలీల్లో లేని మోడళ్ళు పుట్టుకొస్తుంటాయి. ఒక సిరీస్ పేరు, ఇంకో సిరీస్ కోటింగ్ పేరు, మధ్యలో డిజిటల్, ప్రో, హెచ్‌డీ, స్లిమ్ అని నాలుగైదు మాటలు కలిపి కొత్త పేరు తయారు చేస్తారు. రింగు మీది కోడ్‌లకి అర్థం ఉంటుంది. బీ ప్లస్ డబ్ల్యూ వాళ్ళ పద్ధతిలో 010 అంటే యూవీ, 007 అంటే ఏ రంగూ లేని క్లియర్ ఫిల్టర్, ఎంఆర్‌సీ అంటే వాళ్ళ మల్టీ కోటింగ్, అంటే పొరలు పొరలుగా వేసే కోటింగ్. హోయా వాళ్ళ హెచ్ఎంసీ అంటే హోయా మల్టీ కోటెడ్. పేజీలో పెట్టిన ఫోటోని పెద్దది చేసి ఈ అక్షరాలు చదవండి. పైన క్లియర్ అని రాసి, ఫోటోలో రింగు మీద 010 ఉంటే ఆ అమ్మేవాళ్ళకి తాము ఏం అమ్ముతున్నారో కూడా పట్టలేదన్నమాట.

రివ్యూల్లో నక్షత్రాల సగటు చూడకండి. కొన్ని చోట్ల అన్ని సైజులకీ, కొన్నిసార్లు వేరే వస్తువులకి కూడా రివ్యూలన్నీ ఒకే చోట పోగుపడతాయి. పైగా వస్తువు చేతికి రాగానే రాసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు మెచ్చుకునేది ప్యాకింగ్‌ని, డెలివరీ వేగాన్ని. నేను మాత్రం కొత్తవి పైన వచ్చేలా పెట్టుకుని, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళ ఫోటోలు చూస్తాను. రింగు మీద అక్షరాలు దగ్గరగా కనిపించే ఫోటో ఒక్కటి దొరికినా చాలు, చాలా విషయం తెలుస్తుంది.

అమ్మేది ఎవరో చూడటం కూడా ముఖ్యమే. పెద్ద సైట్లలో సైట్ పేరు చూసి కొనేస్తాం, కానీ నిజంగా అమ్మేది వేరొకరు. గోడౌన్ నుంచి పంపేది ఒకరు, అమ్మేది ఒకరు అయ్యే సందర్భాలు ఎక్కువ. ఒకే బార్‌కోడ్ ఉన్న సరుకును వేర్వేరు అమ్మకందార్ల దగ్గర్నుంచి తీసుకుని ఒకే చోట కలిపేసే పద్ధతి ఉన్న చోట, మంచి సెల్లర్ దగ్గర కొన్నా ఇంకొకరి డూప్లికేట్ మనకి రావచ్చు. కంపెనీ తన సైట్‌లో అధీకృత డీలర్ల పేర్లు ఇస్తుంది. ఆ పేర్లలో ఉన్నవాళ్ళు సొంతంగా అమ్మి, సొంతంగా పంపేదైతే నాకు మనశ్శాంతి. ధర కాస్త ఎక్కువే పడుతుంది. నేను దాన్ని ఖర్చు అనుకోను.

ఇక పార్సిల్ వచ్చింది. తెరిచేటప్పుడు ఫోన్‌తో వీడియో తీయండి, కట్ చేయకుండా, పార్సిల్ మీది చీటీ నుంచి ఫిల్టర్ రింగు మీది రాత దాకా. తర్వాత ఏ గొడవ వచ్చినా చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

పెట్టె గురించి పెద్దగా చెప్పను. అక్షరదోషాలు, మసగ్గా అచ్చయిన బొమ్మ, పెట్టె మీద ఒక దేశం పేరూ రింగు మీద మరో దేశం పేరూ ఉండటం లాంటివి కనబడితే వదలొద్దు. అవి లేనంత మాత్రాన ఒరిజినల్ అయిపోదు. క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని స్కాన్ చేసి వచ్చిన పేజీని నమ్మకండి. నకిలీ పెట్టె మీది కోడ్ నకిలీ పేజీకే తీసుకెళ్ళవచ్చు. కంపెనీ వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి, అక్కడ నంబర్ సరిచూసే వీలుంటే అక్కడే చూడండి.

రింగు పట్టుకుంటే కొంత తెలుస్తుంది. బీ ప్లస్ డబ్ల్యూ ఖరీదైన ఫిల్టర్లు, హీలియోపాన్ అనే మరో జర్మన్ కంపెనీ ఫిల్టర్లు ఇత్తడి రింగులకి పేరు పొందినవి. మిగతా చాలా కంపెనీలవి అల్యూమినియం. ఇత్తడి, అల్యూమినియం కన్నా మూడు రెట్లు బరువు. ఇత్తడి రింగు అని చెప్పి అమ్మిన 77 మిల్లీమీటర్ల ఫిల్టర్ అరచేతిలో తేలిగ్గా ఉంటే, చెప్పిన మాట అక్కడే తప్పింది. అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, ఇత్తడీ అంటుకోదు, అల్యూమినియమూ అంటుకోదు. అంటుకుంటే అది ఇనుము కలిసిన చవక లోహం. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే గాజు కదిలే చప్పుడు రాకూడదు. పోలరైజర్‌లో ముందు రింగు తిరిగేదే కాబట్టి కాస్త వదులు ఉండొచ్చు గానీ గాజు మాత్రం కదలకూడదు. లెన్స్‌కి బిగించేటప్పుడు మర మొదటి చుట్టులోనే సాఫీగా పడాలి. పట్టేస్తుంటే బలవంతం చేయొద్దు, పాడయ్యేది మీ లెన్స్ మర.

ఇప్పుడు గాజు దగ్గరికి వద్దాం. ఏ పరికరమూ లేకుండా చేయగలిగిన పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. ఒక నల్ల గుడ్డ పరిచి, దాని మీద ఫిల్టర్‌ని పెట్టండి. పైన వెలిగే ట్యూబ్‌లైట్ గాజులో కనిపించేలా తల కదపండి. కోటింగ్ లేని గాజు ఒక్కో వైపు నుంచి సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది, రెండు వైపులా కలిపి దాదాపు 8 శాతం. అందులో ట్యూబ్‌లైట్ తెల్లగా, నిగనిగలాడుతూ, ట్యూబ్‌లైట్ లాగే కనిపిస్తుంది. మంచి మల్టీ కోటింగ్ ఉంటే ఒక్కో వైపు నుంచి వెనక్కి వచ్చే వెలుగు అర శాతం లోపే. అప్పుడు ట్యూబ్‌లైట్ మసకబారిపోయి, ముదురు ఆకుపచ్చగానో ఊదాగానో ఒక నీడలా కనిపిస్తుంది. గాజుకి రెండు ముఖాలు కాబట్టి కొంచెం వాల్చి చూస్తే రెండు ప్రతిబింబాలు పక్కపక్కన దొరుకుతాయి. రెండూ మసగ్గానే ఉండాలి. ఒకటి మసగ్గా, ఒకటి తెల్లగా ఉంటే ఒక పక్కకే కోటింగ్ వేసి చేతులు దులుపుకున్నారన్నమాట. ఇంకో మోసం ఏమిటంటే, ప్రతిబింబం రంగురంగులుగా ఉంటుంది కానీ వెలుగు తగ్గదు. ఊదారంగు అద్దంలా మెరుస్తుంది. రంగు ఉంది కదా అని చాలామంది సంతోషిస్తారు. మనం చూడాల్సింది రంగు కాదు, వెలుగు ఎంత తగ్గిందీ అని. ఇంట్లో పాత ఒరిజినల్ ఫిల్టర్ ఒకటి ఉంటే పక్కన పెట్టి చూడండి, ఒక్క చూపులో తేలిపోతుంది. అదే వెలుగులో గాజును మెల్లగా వాలుస్తూ ట్యూబ్‌లైట్ అంచు గీతను గమనించండి. గాజు సమతలంగా ఉంటే గీత తిన్నగా జారుతుంది. వంకరలు పోతుంటే గాజే ఎగుడుదిగుడుగా ఉంది.

నీళ్ళు నిలవని కోటింగ్ అని రాసి ఉంటే ఒక్క చుక్క నీళ్ళు వేయండి. చుక్క గుండ్రంగా నిలబడి, వాల్చగానే జారిపోవాలి. పరుచుకుని తడిలా అంటుకుంటే ఆ కోటింగ్ లేదు. అలా రాయని మోడల్‌కి ఈ పరీక్ష పెట్టి తప్పు పట్టకూడదు.

యూవీ ఫిల్టర్‌కి ఒక యూవీ టార్చ్ చాలు. 365 నానోమీటర్లది అయితే మేలు. 395 నానోమీటర్ల టార్చ్‌లు చవగ్గా దొరుకుతాయి గానీ అవి కంటికి కనబడే ఊదా వెలుగు దగ్గరగా ఉంటాయి, మంచి ఫిల్టర్‌లోంచి కూడా కొంత దాటిపోతుంది, ఫలితం గందరగోళంగా ఉంటుంది. చీకటి గదిలో తెల్ల కాగితం మీద టార్చ్ వేస్తే కాగితం నీలంగా వెలుగుతుంది. మధ్యలో ఫిల్టర్ అడ్డం పెట్టండి. మంచి యూవీ ఫిల్టర్ వెనక కాగితం చల్లారిపోయినట్టు నల్లబడుతుంది. అదే వెలుగు దాదాపు అలాగే ఉంటే లోపలున్నది ఉత్త గాజు. టార్చ్‌ని కళ్ళలోకి మాత్రం వేసుకోవద్దు. ఒక మాట గుర్తుంచుకోండి. క్లియర్, ప్రొటెక్టర్ అని అమ్మేవి యూవీని ఆపుతామని చెప్పవు, కాబట్టి ఈ పరీక్షలో అవి పాస్ కావాల్సిన పని లేదు. అసలు కంపెనీల చవక యూవీ ఫిల్టర్లలోనూ యూవీని అరకొరగా ఆపేవి ఉన్నాయి. అందుకని ఈ ఒక్క ఫలితంతోనే ఎవరి మీదా నేరం మోపను. కోటింగ్, రింగు, రాత కూడా తప్పితే అప్పుడు అంటాను.

పోలరైజర్ దగ్గర మాత్రం సందేహానికి తావుండదు. అక్కడ ఫిజిక్స్ తేల్చి చెబుతుంది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి పక్షులను, చెరువులను తీస్తుంది. ఆన్‌లైన్‌లో 77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్ తెప్పించుకుంది, పేరున్న కంపెనీదే అనుకుని. ఓ రోజు నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఈ ఫిల్టర్ ఎంత తిప్పినా నీళ్ళ మీద మెరుపు పోవట్లేదు. నాకే తిప్పడం చేతకావట్లేదా?" అంది. ముఖంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది. టెలీ లెన్స్‌లో ఫోకస్ కూడా సరిగ్గా కుదరట్లేదని, లెన్స్ సర్వీసింగ్‌కి ఇద్దామనుకుంటున్నానని చెప్పింది.

ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ ఒకటి తెరిచి పెట్టాను. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు ముందే పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో ఊగుతూ ఉంటుంది. సర్క్యులర్ పోలరైజర్‌లో రెండు పొరలుంటాయి. దృశ్యం వైపు ఒక దిశలో ఊగే వెలుగునే వదిలే మామూలు లీనియర్ పోలరైజర్, కెమెరా వైపు ఆ ఊగడాన్ని గుండ్రంగా తిరిగేలా మార్చే క్వార్టర్ వేవ్ ప్లేట్. ఫిల్టర్ ముందు వైపు, అంటే లెన్స్‌లోకి బిగించే మర లేని వైపు, తెరకి ఎదురుగా పెట్టి తిప్పితే ఒక కోణం దగ్గర తెర దాదాపు నల్లగా అయిపోవాలి. ఇంకో తొంభై డిగ్రీలు తిప్పితే మళ్ళీ తెల్లబడాలి. ముందు నా ఫిల్టర్‌తో చూపించాను. నల్లబడింది. తన ఫిల్టర్ ఇచ్చి తిప్పమన్నాను. ఒక చుట్టు తిప్పింది, రెండో చుట్టు తిప్పింది. తెర బూడిదరంగులో అలాగే ఉంది, ఇసుమంత కూడా మారలేదు. వెనక్కి తిప్పి పట్టుకున్నా అదే బూడిదరంగు. అది పోలరైజరే కాదు, కాస్త రంగు కలిపిన గాజు.

"అంటే తప్పు నాది కాదా అక్కా?" అని అడిగింది. కాదమ్మా, నీదీ కాదు, నీ లెన్స్‌దీ కాదు అని చెప్పి, ఫిల్టర్ తీసేసి అదే టెలీ లెన్స్‌తో దూరంగా ఉన్న కరెంటు తీగల మీద పిట్టను తీయించాను. ఈకలు విడివిడిగా కనిపించాయి. ఫిల్టర్ పెట్టి తీసిన దాంట్లో అవే ఈకలు పేస్టులా కలిసిపోయి ఉన్నాయి. సర్వీసింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

పోలరైజరే అయినా సర్క్యులరా, లీనియరా అన్నది తేలాలంటే అద్దం ముందు నిలబడండి. ఒక కన్ను మూసి, మర ఉన్న వైపు అద్దానికి ఉండేలా ఫిల్టర్‌ని రెండో కంటి ముందు పట్టుకోండి. ఫిల్టర్‌లోంచి, అద్దంలో కనిపించే ఆ ఫిల్టర్‌నే చూడండి. సర్క్యులర్ అయితే అది నల్ల బిళ్ళలా కనిపిస్తుంది, వెనక ఉన్న మీ కన్ను కనిపించదు. తిరగేసి పట్టుకుంటే కన్ను మామూలుగా కనిపిస్తుంది. లీనియర్ అయితే ఎటు పట్టుకున్నా కన్ను కనిపిస్తూనే ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్ళకి ఇది ముఖ్యం. వాటి లోపలి అద్దం వెలుగులో కొంత భాగాన్ని ఫోకస్‌కీ మీటరింగ్‌కీ పంపుతుంది, లీనియర్ పోలరైజర్ ఆ పంపకాన్ని తారుమారు చేయగలదు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమే లేదు కాబట్టి ఆ ఇబ్బంది సాధారణంగా రాదు. అయినా సర్క్యులర్ అని రాసి లీనియర్ ఇస్తే అది మోసమే.

ఎన్‌డీ ఫిల్టర్లకి లెక్క వేసి చూడొచ్చు. ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం. ఎన్‌డీ 8 అంటే 3 స్టాపులు, ఎన్‌డీ 64 అంటే 6 స్టాపులు, ఎన్‌డీ 1000 అంటే 10 స్టాపులు. వెలుగు మారని గదిలో ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ, అపర్చర్ కదపకుండా, ఫిల్టర్ లేకుండా 1/125 సెకనుకి ఒక ఫోటో తీయండి. ఎన్‌డీ 1000 బిగించి 8 సెకన్లకి ఇంకొకటి. రెండింటి హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫ్, ఇంచుమించు ఒకే చోట ఉండాలి. కొంచెం అటూ ఇటూ ఒరిజినల్‌లోనూ ఉంటుంది. ఒకటీ రెండూ స్టాపుల తేడా ఉంటే మాత్రం రాసింది ఒకటి, ఉన్నది ఒకటి. ఈ పరీక్షలో వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టొద్దు. డేలైట్ మీద స్థిరంగా పెట్టండి. ఆటోలో ఉంటే కెమెరా రంగు తేడాను తనే సరిదిద్దేసి ఫిల్టర్ తప్పును మన కంట పడనీయదు. తెల్ల కాగితం పసుపుగానో, నల్ల బట్ట ఎర్రటి గోధుమరంగులోనో వస్తే గాజు మంచిది కాదు. ముదురు ఎన్‌డీల్లో ఆ ఎర్రదనం ఇన్‌ఫ్రారెడ్ దాటిపోవడం వల్ల వస్తుంది.

సూర్యుడి వైపు గురిపెట్టే ఫిల్టర్ల విషయంలో నేను ఏ పరీక్షా చెప్పను. గ్రహణాల ముందు సోలార్ ఫిల్టర్ల పేరుతో అమ్మకాలు ఒక్కసారిగా పెరుగుతాయి. కంటితో చూడటానికి వాడే సోలార్ ఫిల్టర్ వెలుగును సుమారు లక్షో వంతుకి తగ్గించాలి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపాలి. నకిలీ నల్లగానే కనిపిస్తుంది, కానీ ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తే మనకి తెలియకుండానే కంటి లోపలి రెటీనా కాలిపోవచ్చు, నొప్పి కూడా తెలియదు. ఎన్‌డీ 1000 పెట్టి, కన్ను ఆనించి చూసే ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడటం అసలే వద్దు. ఇలాంటి ఫిల్టర్లు కంపెనీ దగ్గరో, అధీకృత డీలర్ దగ్గరో తప్ప ఇంకెక్కడా కొనకండి. దొరక్కపోతే ఆ ఫోటో తీయకపోయినా పరవాలేదు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఏ ఫిల్టర్‌కైనా చివరి పరీక్ష మీ కెమెరానే. వైడ్ లెన్స్‌తో చూస్తే గాజు లోపాలు చాలావరకు దాక్కుంటాయి. మీ దగ్గర ఉన్న వాటిలో అన్నిటికన్నా పొడవైన లెన్స్‌తో, 200 మిల్లీమీటర్లు అంతకు పైన అయితే మంచిది, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలనో చెట్టు కొమ్మలనో అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. ట్రైపాడ్ మీద, ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి, ప్రతిసారీ ఫోకస్ మళ్ళీ చేసి. వంద శాతం జూమ్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరాల అంచుల చుట్టూ పొగలా ఉన్నా, గీతలు రెండుగా కనిపించినా ఆ గాజు సమతలంగా లేదు. రాత్రి పూట వీధి దీపాన్ని ఫ్రేమ్‌లో ఒక మూలకి పెట్టి తీయండి. దీపానికి సరిగ్గా ఎదురు మూలలో దెయ్యంలా ఇంకో దీపం కనిపిస్తే అది సెన్సర్ నుంచి, లెన్స్ నుంచి వెనక్కి వచ్చిన వెలుగు ఫిల్టర్ గాజుకి తగిలి మళ్ళీ లోపలికి పోయినది. మంచి ఫిల్టర్‌తోనూ లీలగా రావచ్చు. నకిలీతో అయితే ఆ రెండో దీపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చవక ఫిల్టర్‌కీ నకిలీ ఫిల్టర్‌కీ తేడా చూడాలని కూడా నా మనవి. తన పేరుతోనే తక్కువ ధరకి అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి, వాటిలో మంచి పని చేసేవీ ఉన్నాయి. కోటింగ్ తక్కువైనా చెప్పి అమ్ముతున్నారు, మనకి తెలిసే కొంటున్నాం. డబ్బు తక్కువ ఉన్నప్పుడు పెద్ద పేరు కోసం ఆశపడి అనుమానం ఉన్న చోట కొనేకన్నా, అలాంటిది ఒకటి కొనడం నయం. అదీ కుదరకపోతే ఫిల్టర్ లేకుండా తీయండి, లెన్స్ హుడ్ పెట్టుకోండి. లెన్స్ ముందు వైపు గాజును వేళ్ళ నుంచి, చిన్న దెబ్బల నుంచి హుడ్ బాగానే కాపాడుతుంది.

డూప్లికేట్ అని తేలితే వెంటనే రిటర్న్ పెట్టండి. కారణం దగ్గర 'నచ్చలేదు' అని నొక్కకండి, నకిలీ వస్తువు అనే రాయండి. నచ్చలేదంటే అదే ఫిల్టర్ మళ్ళీ షెల్ఫ్‌లోకి వెళ్ళి ఇంకొకరి చేతికి చేరుతుంది. నల్ల గుడ్డ మీది ప్రతిబింబం ఫోటో, ల్యాప్‌టాప్ తెర ముందు తిప్పిన వీడియో జత చేయండి. కంపెనీకి కూడా ఆ ఫోటోలు, అమ్మిన పేజీ లింకు పంపండి. పేజీలు తీయించే అధికారం వాళ్ళకే ఎక్కువ. రిటర్న్ గడువు దాటిపోయి ఫిల్టర్ మీ దగ్గరే ఉండిపోతే ఎవరికీ అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి. రింగు మీది పేరు గీకేసి పారేయండి.

విప్పిన పెట్టె, రిటర్న్ వచ్చింది అని తగ్గించి అమ్మేవాటితో మరింత జాగ్రత్త. ఒరిజినల్ కొని, దాని పెట్టెలో నకిలీ పెట్టి వెనక్కి పంపేవాళ్ళున్నారు. పెట్టె, బిల్లు, హోలోగ్రామ్ అన్నీ అసలువే ఉంటాయి, గాజు ఒక్కటే వేరు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు నేను ముందే మూడు ఫోటోలు అడుగుతాను. రింగు మీది రాత చుట్టూతా చదవగలిగేలా ఒకటి, నల్ల గుడ్డ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడేలా ఒకటి, పోలరైజర్ అయితే ల్యాప్‌టాప్ తెర ముందు నల్లబడినప్పుడు ఒకటి. నిజంగా వాడుకుని అమ్మేవాళ్ళు కాసేపట్లోనే పంపిస్తారు, కొందరైతే అడగని ఫోటోలు కూడా పంపిస్తారు. పెట్టె ఫోటో పెట్టాం కదా, ఇంకా ఎందుకు అనేవాళ్ళ దగ్గర నేను కొనను.